అరాజకానికి పదిహేను మార్కులు

మా కాలేజీలో నియంతృత్వం సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలై శనివారం సాయంత్రం ఆరింటికి ముగిసింది. దానివల్ల పిల్లలెవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. మాకు ఇబ్బంది వచ్చింది అక్కడే.

నా పేరు సత్యానందం. బెజవాడ దాటాక హైవే పక్కన ఉన్న ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో పదకొండేళ్ళుగా సివిక్స్ లెక్చరర్ని. ఆ కాలేజీలో సివిక్స్ లేదు. ఎంపీసీ, బైపీసీ తప్ప మరో గ్రూపు లేదు. కాలేజీకి గుర్తింపు ఉండాలంటే సివిక్స్ లెక్చరర్ ఒకడు ఉండాలని ఎక్కడో రాసి ఉంది కాబట్టి నేను ఉన్నాను. ఉన్నవాణ్ణి ఊరికే ఉంచడం దేనికని నాకు రెండు పనులు అప్పగించారు. స్టడీ అవర్లో బెంచీల మధ్య తిరుగుతూ, కునికే పిల్లల భుజం మీద స్కేలుతో తట్టడం మొదటిది. సర్టిఫికెట్ల బీరువా తాళంచెవి దగ్గర పెట్టుకోవడం రెండోది. కాలేజీలో చేరిన ప్రతి విద్యార్థి పదో తరగతి ఒరిజినల్ మార్కుల మెమో, స్కూలు టీసీ ఆ బీరువాలో ఉంటాయి. లోపలికి వెళ్ళడమే తప్ప మధ్యలో బయటికి వచ్చినవి నేను చూడలేదు.

ఆ ఏడు గొర్లె సంతోషి అనే అమ్మాయి తన సర్టిఫికెట్ల కవరు కావాలని అడిగింది. పలాస దగ్గర పల్లె. వాళ్ళ నాన్న జీడిపిక్కలు కాలుస్తాడు. బైపీసీ మొదటి సంవత్సరం, ప్రతి వారం పరీక్షలో మొదటి మూడు ర్యాంకుల్లో ఉండేది. ఆమెకు పశువుల వైద్యం చదవాలని ఉంది. వాళ్ళ జిల్లాలోనే పశువైద్య పాలిటెక్నిక్‌లో రెండో విడత కౌన్సెలింగులో సీటొచ్చింది. ఇరవై ఒకటో తేదీ సాయంత్రం అయిదింటిలోగా ఒరిజినల్స్ చూపిస్తే సీటు ఉంటుంది, లేకపోతే పోతుంది.

వాళ్ళ నాన్న రెండుసార్లు వచ్చాడు. ప్రిన్సిపాల్ భీమేశ్వరరావు గారు రెండుసార్లూ టీ ఇప్పించి, మీ అమ్మాయి స్టార్ బ్యాచ్ అండీ, గేదెల డాక్టరేంటి, మనుషుల డాక్టర్ని చేసి పంపిస్తాం, ఫ్లెక్సీ మీద ఫోటో వేస్తాం అని చెప్పి బస్సెక్కించారు. ఆ తర్వాత సంతోషి రోజూ నా దగ్గరికి రావడం మొదలుపెట్టింది. నేను రోజూ ఒకటే చెప్పాను. ప్రిన్సిపాల్ గారి సంతకం, సీలు ఉన్న కాగితం తీసుకురామ్మా, నిమిషంలో ఇచ్చేస్తాను. నేను అబద్ధం చెప్పలేదు. కాగితం తెస్తే నిజంగానే నిమిషంలో ఇచ్చేవాణ్ణి.

ఈ పరిస్థితిలో రాష్ట్ర భవిష్యత్ విద్యా మండలి మా మీద పడింది.

రాబోయే యాభై ఏళ్ళలో మన జనం ఇతర గ్రహాల మీద స్థిరపడతారనీ, అక్కడికి వెళ్ళాక రాజకీయం నేర్చుకుంటే ఆలస్యమవుతుందనీ మండలి పెద్దలకు తోచింది. ఎవరో పెద్దాయన విదేశాల్లో సైన్స్ ఫిక్షన్ కథల ద్వారా రాజకీయ పాఠాలు చెప్తున్నారని చూసొచ్చాడు. నెల తిరక్కుండా 'నక్షత్ర పౌరశాస్త్రం' అనే పుస్తకం అచ్చయింది. ఎంపీసీ, బైపీసీ అని చూడకుండా ఇంటర్ పిల్లలందరికీ తప్పనిసరి చేశారు.

పుస్తకంలో రెండు కథలున్నాయి. మొదటిది నియంతృత్వం. చంద్రుడి అడుగున తవ్విన ఉక్కు నగరం. దాన్ని ప్రథముడు అనేవాడు ఏలుతుంటాడు. ఇళ్ళకు కిటికీలు తీసేయించి, మనుషులకు పేర్లు తీసేసి నంబర్లు ఇస్తాడు. రోజుకి మనిషికి అరగంట మాత్రమే ఎండ రేషన్ ఇస్తాడు. అరగంట ఎండతో ఏ ప్రాణి బతుకుతుందని చివరికి జనం తిరగబడతారు. రెండోది అరాజకం. ధూమకేతు అనే అంతరిక్ష నౌకలో కెప్టెన్ చచ్చిపోతాడు. ఇక ఎవడి మాటా ఎవడూ వినడు. తలా అయిదు నిమిషాలు తమకు నచ్చిన వైపు చుక్కాని తిప్పుతారు. నౌక వెళ్ళి సూర్యుడిలో పడుతుంది. మూడో కథ ప్రజాస్వామ్యం మీద ఉండాల్సింది. దాన్ని ఎంపిక చెయ్యడానికి కమిటీలో ఓటింగు పెట్టాలా వద్దా అన్నది తేలక వదిలేశారు.

పుస్తకంతో సరిపెట్టి ఉంటే పిల్లలు బట్టీపట్టి రాసేసేవారు. కానీ ఆ సంవత్సరం మండలికి 'చేసి నేర్చుకోవడం' అనే జ్వరం పట్టి ఉంది. ప్రతి సబ్జెక్టుకీ ప్రాక్టికల్స్ ఉండాలన్నారు. నియంతృత్వానికి పదిహేను, అరాజకానికి పదిహేను, మొత్తం ముప్ఫై మార్కులు. మాన్యువల్ వచ్చింది. పదకొండేళ్ళ తర్వాత నా సబ్జెక్టు పుస్తకం నా చేతికి రావడంతో అట్ట మీద చెయ్యి వేసి కాసేపు అలాగే కూర్చున్నాను. తర్వాత తెరిచాను.

'ప్రయోగం ఒకటి. ఉద్దేశము: నియంతృత్వమును విద్యార్థులకు అనుభవపూర్వకముగా అవగతము చేయుట. కావలసిన పరికరములు: నియంత ఒకరు, పౌరులు తగినంత మంది, గంట, ఈల. విధానము: మొదటి పాఠమునందలి నియమములను ఆరు దినములు యథాతథముగా అమలు చేయవలెను. జాగ్రత్తలు: ప్రయోగానంతరము నియంతను తిరిగి యథాస్థానమున ఉంచవలెను.'

కొలవడానికి స్వేచ్ఛామాపక పత్రం అని ఒకటి జతచేశారు. అందులో వంద ప్రశ్నలు. దాహం వేసినప్పుడు మంచినీళ్ళు తాగగలరా, నచ్చిన వారితో మాట్లాడగలరా, ఈరోజు ఆకాశం చూశారా, ఇలాంటివి. అవునన్న ప్రతిదానికీ ఒక మార్కు. ప్రయోగానికి ముందు ఒక రీడింగు, తర్వాత ఒక రీడింగు తీసుకోవాలి. నియంతృత్వం వల్ల స్వేచ్ఛ కనీసం నలభై పడిపోవాలి. పడిపోతేనే ప్రయోగం సఫలం.

ఆదివారం మొదటి రీడింగు తీశాం. ఆరువందల మంది సగటు ఆరు వచ్చింది. వందకి ఆరు.

పత్రాలు మూడుసార్లు కూడి చూశాను. ఆరే. ఆ ఆరూ ఎక్కడివా అని చూస్తే, 'కలలో మీకిష్టమైన ప్రదేశమునకు వెళ్ళగలరా' లాంటి ప్రశ్నలకి వచ్చినవి. ఆరులోంచి నలభై ఎలా తీయాలని భీమేశ్వరరావు గారిని అడిగాను. ఆయన లెక్కల మనిషి. కాసేపు ఆలోచించి, ముందు మొదలెట్టవయ్యా, మైనస్‌లోకి పోతుందేమో చూద్దాం అన్నారు.

సోమవారం ఆయనే నియంత అయ్యారు. అదే గదిలో అదే కుర్చీలో కూర్చున్నారు. మాన్యువల్ ప్రకారం నియంతృత్వం అమలు చేశాం, అక్షరం కూడా జారకుండా.

కిటికీలు తీసేయాలి అని ఉంది. మాకు తీసేయడానికి ఏమీ లేదు. హైవే మీద బస్సులు చూస్తూ పిల్లల మనసు చెదురుతోందని కిటికీలకు నల్లరేకులు కొట్టించి నాలుగేళ్ళయింది. పేర్ల బదులు మూడంకెల నంబర్లు ఇవ్వాలి. మా పిల్లలకు అప్పటికే పదకొండంకెల నంబర్లున్నాయి. మూడంకెలైపోయేసరికి పిలవడం సుఖమైంది. రాత్రి తొమ్మిదికల్లా పౌరులందరూ నిద్రపోవాలని ప్రథముడి శాసనం. మా పిల్లలు పదకొండున్నర దాకా చదువుతారు. వాళ్ళకి రెండున్నర గంటల నిద్ర కలిసొచ్చింది. అన్నిటికంటే ముఖ్యం, రోజుకి అరగంట ఎండ. ఆ క్రూర నియమం అమలు చెయ్యక తప్పలేదు. ఆరువందల మందిని గ్రౌండులోకి తెచ్చి నిలబెట్టాం. మొదటి రోజు కళ్ళు చికిలించి నిలబడ్డారు. రెండో రోజు కొందరు కబుర్లు చెప్పుకున్నారు. మూడో రోజు ఎవరో నవ్వినట్టు కూడా వినిపించింది. నేను వెంటనే రాసుకున్నాను.

గురువారానికి తల్లిదండ్రులకు తెలిసిపోయింది. వాట్సాప్ గ్రూపులో గోల. నలభై మంది గేటు దగ్గరికి వచ్చి నియంతృత్వం నశించాలని నినాదాలు మొదలుపెట్టారు. వాళ్ళకి నాయకత్వం వహించినాయన నరసరావుపేటలో విత్తనాల షాపు ఆసామి. ఆయన ప్రిన్సిపాల్ గారి టేబుల్ మీద చెయ్యి ఆనించి, గొంతు పెంచకుండానే అడిగాడు.

"ఏందండీ ఇది? పొద్దుగూకులూ ఎండలో నిలబెట్టి, తొమ్మిదింటికే పడుకోబెడితే మా పిల్లకి సీటెట్టా వస్తదనుకుంటున్నారు? నిద్రపోడానికైతే మా ఇంట్లో మంచం లేదా?"

భీమేశ్వరరావు గారు ఆయన్ని సముదాయించారు. ఇంక రెండు రోజులేననీ, ఆదివారం నుంచి ఎప్పటిలాగే ఉంటుందనీ, పోయిన గంటలన్నీ తర్వాతి వారం అదనంగా చదివిస్తామనీ రాసిచ్చారు. వాళ్ళు శాంతించి వెళ్ళిపోయారు. అదే సాయంత్రం పిల్లల దగ్గర్నుంచి ఇంకో కాగితం వచ్చింది. నియంతృత్వాన్ని మరో వారం పొడిగించాలని రెండువందల పన్నెండు మంది సంతకాలు పెట్టారు.

శనివారం రెండో రీడింగు పంతొమ్మిది.

నియంతృత్వంలో స్వేచ్ఛ పదమూడు పెరిగింది. నా సబ్జెక్టులో ఇలాంటిది ఎప్పుడూ జరిగి ఉండదు. మార్కులు వేసే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ సోమవారం వచ్చాడు. ప్రాక్టికల్స్‌కి ఎక్స్‌టర్నల్ వస్తే ఏం చెయ్యాలో మా కాలేజీకి ఎవరూ చెప్పనక్కర్లేదు. నాటుకోడి పులుసు, రొయ్యల వేపుడు, గడ్డపెరుగు. రొయ్యల దాకా ఆయన రికార్డు పుస్తకం వైపు చూసి తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. పెరుగులోకి వచ్చాక మెత్తబడ్డాడు. చెయ్యి కడుక్కుని, సంచిలోంచి ఒక గైడు తీసి, అందులో ఉన్న రీడింగులు మా రికార్డులో వేయించాడు. ముందు అరవై ఒకటి పాయింట్ నాలుగు, తర్వాత పదిహేడు పాయింట్ రెండు. అందరికీ పదిహేనుకి పదిహేను.

ఆ గైడు అన్ని కాలేజీల్లోనూ ఉంది. వారం తర్వాత మండలి కంప్యూటర్లో నాలుగువందల పన్నెండు కాలేజీల రీడింగులు దశాంశంతో సహా ఒకటే వచ్చాయి. మండలి మొదట దీన్ని విజయంగానే తీసుకుంది. రాష్ట్రమంతటా స్వేచ్ఛ సమానంగా పంపిణీ అయినట్టు శాస్త్రీయంగా రుజువైందని పత్రికల వాళ్ళకి చెప్పింది. మండలి ప్రత్యేకాధికారి డాక్టర్ దమయంతి గారికి మాత్రం అనుమానం వచ్చింది. అరాజకం ప్రాక్టికల్ తన కళ్ళెదుటే జరగాలని, లాటరీ తీసి ఒక కాలేజీని ఎన్నుకున్నారు.

చీటీలో మా కాలేజీ వచ్చింది. ఇరవయ్యో తేదీ, ఉదయం పదకొండు నుంచి పన్నెండు దాకా. అరాజకం సంభవించని పక్షంలో కాలేజీ గుర్తింపు రద్దు.

భీమేశ్వరరావు గారు ఉత్తరం చదివి స్టాఫ్ మీటింగ్ పెట్టారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఏదీ సిలబస్ ప్రకారం జరపకుండా వదల్లేదనీ, అరాజకాన్ని కూడా రాష్ట్రంలో నంబర్ వన్ చేసి చూపిస్తాననీ చెప్పారు. మర్నాడే టైంటేబుల్ నోటీసు బోర్డు ఎక్కింది.

పదకొండూ అయిదుకి ముందు మూడు వరసలు బెంచీలు చరచాలి. పదకొండూ ఇరవైకి ఆమోదించిన జాబితాలోని నినాదాలు ఇవ్వాలి. పదకొండూ నలభైకి ఎంపీసీ వాళ్ళు బైపీసీ వాళ్ళ మీద కాగితపు ఉండలు విసరాలి. ఒకవైపు వాడిన కాగితాలే వాడాలి. పదకొండూ యాభై అయిదుకి ఎవరి ఉండలు వాళ్ళు ఏరుకోవాలి. అరాజకానికి యూనిఫారం, ఐడీ కార్డు తప్పనిసరి. అరాజకంలో పాల్గొనని వారి తల్లిదండ్రులకు కబురు వెళ్తుంది.

నాలుగు రోజులు రిహార్సల్ చేశాం. బెంచీలు చరచడంలో లయ కుదరలేదని ఆటలు, డ్రిల్లు చూసే పీడీ గారు మూడో వరసని రెండుసార్లు గ్రౌండు చుట్టూ పరిగెత్తించారు. చివరి రిహార్సల్ అయ్యాక భీమేశ్వరరావు గారు ఎవరికైనా సందేహాలుంటే అడగమన్నారు. అది ఆయన అలవాటు. ఎవరూ అడగకపోవడం పిల్లల అలవాటు. సంతోషి లేచి నిలబడింది.

"సార్, ఆ గంటలో ఏటైనా సేయొచ్చా సార్?"

"చెయ్యొచ్చమ్మా. లిస్టులో ఉన్నవి ఏవైనా చెయ్యొచ్చు."

"నా సర్టిఫికెట్లు నాను తీసుకోడం కూడా లిస్టులో ఎట్టండి సార్. ఎల్లుండే ఆఖరు."

ఆయన కోప్పడలేదు. చిన్నపిల్లకి ఎక్కం తప్పితే చెప్పినట్టు చెప్పారు. "అది అరాజకం కాదు తల్లీ. అది క్రమశిక్షణ లేకపోవడం. కూర్చో."

ఆమె కూర్చుంది. ఆ సాయంత్రం మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. సాయంత్రం రైలెక్కితే తెల్లారేసరికి పలాసలో దిగొచ్చనీ, మధ్యాహ్నానికి పాలిటెక్నిక్‌కి చేరొచ్చనీ, రేపు సాయంత్రం రైలే ఆఖరి రైలనీ చెప్పింది. నేను కూడా ఎప్పటిదే చెప్పాను. సంతకం, సీలు.

ఇరవయ్యో తేదీ పదిన్నరకి దమయంతి గారు వచ్చారు. వెంట ఒక కెమెరామన్. నోటీసు బోర్డు మీద టైంటేబుల్ చూసి, కళ్ళద్దాలు సవరించుకుని, చేత్తో చించేశారు. ముందుగా నిర్ణయించిన అరాజకం అరాజకం కాదని చెప్పారు. పిల్లలందర్నీ ఆడిటోరియంలో కూర్చోబెట్టి, వేదిక మీద నిలబడి ఉత్తర్వు చదివారు.

"ఉదయం పదకొండు గంటల నుండి పన్నెండు గంటల వరకు ఈ ఆవరణయందు ఏ నిబంధనయు అమలులో ఉండదు. ప్రిన్సిపాల్ వారి సమస్త అధికారములు తాత్కాలికముగా నిలిపివేయబడినవి. ఈ గంటలో ఎవరును ఎవరికిని విధేయులు కారు. ఈ ఉత్తర్వును అందరును విధిగా పాటించవలెను."

భీమేశ్వరరావు గారిని వరండాలో ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. గంట కొట్టారు. అరాజకం మొదలైంది.

ఆరువందల మంది పిల్లలూ పుస్తకాలు తీసి చదువుకోవడం మొదలుపెట్టారు.

దమయంతి గారు స్టాప్‌వాచ్ చూసుకున్నారు. అయిదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. ఎంపీసీ అమ్మాయి ఒకతె చెయ్యెత్తి, మేడమ్, టాయిలెట్‌కి వెళ్ళొచ్చా అని అడిగింది. అనుమతి ఇచ్చే అధికారం ఈ గంటలో ఎవరికీ లేదని దమయంతి గారు వివరించారు. అయితే సరేనని ఆ అమ్మాయి కూర్చుంది. ఆవిడ నుదురు తుడుచుకోవడం నేను చూశాను. అరాజకం జరగలేదని రాస్తే మా గుర్తింపు పోతుంది, నిజమే. కానీ ఉత్తర్వు వేసినా అరాజకం రాలేదంటే మండలి ఉత్తర్వుకి విలువ లేదని కూడా అవుతుంది. వరండాలోంచి భీమేశ్వరరావు గారు బెంచీలు చరచండి అని చేత్తో సైగలు చేస్తున్నారు. ఈ గంటలో తనకి అధికారం లేదని ఆయనకి తెలుసు కాబట్టి, చెయ్యి మోకాలి కంటే పైకి లేవకుండా చూసుకుంటున్నారు.

తర్వాత నేను ఆఫీసు గదికి, అంటే ప్రిన్సిపాల్ గారి కుర్చీ, బీరువా ఉన్న గదికి వచ్చేశాను. వేళకి బీరువా దగ్గర ఉండటం నా డ్యూటీ. ఉండొద్దని ఎవరూ చెప్పలేదు.

పదకొండూ పదిహేడుకి సంతోషి వచ్చింది. వెనకే కెమెరామన్. ఆడిటోరియంలోంచి లేచింది ఆమె ఒక్కతే కాబట్టి తీయడానికి అతనికి మరేమీ లేదు. ఆఫీసులో కెమెరా కన్ను చూసేదంతా ఆడిటోరియం తెర మీద కనిపిస్తోంది.

"సార్, బీరువా తియ్యండి."

నేను మామూలు మాట చెప్పాను.

"ఈ గంట ప్రిన్సిపాల్ గారు లేరు కద సార్."

"లేరమ్మా. అందుకే కుదరదు. సంతకం ఎవరు పెడతారు?"

"మీ మీద కూడా ఎవులూ లేరు కద సార్ ఇప్పుడు. మీకు తియ్యాలనిపిస్తే తియ్యొచ్చు."

అది నాకు అంతకుముందు తట్టలేదు. నా మీద ఎవరూ లేరు. పదకొండేళ్ళలో మొదటిసారి. జేబులో తాళంచెవి గట్టిగా పట్టుకున్నాను. నాకు ఏమనిపిస్తోందో చూసుకుందామని ఒక నిమిషం ప్రయత్నించాను. ఏమీ అనిపించలేదు.

"కాగితం ఉండాలమ్మా" అన్నాను.

ఆమె నా మొహం వైపు చూసింది. బతిమాలుతుందేమో అనుకున్నాను. బతిమాలలేదు. నేరుగా వెళ్ళి భీమేశ్వరరావు గారి కుర్చీలో కూర్చుంది. సొరుగు లాగి కాలేజీ లెటర్‌హెడ్ ఒకటి తీసింది. పెన్ను అందుకుని, పైన తేదీ వేసి, విషయం, సూచిక రాసి, కింద నాలుగు లైన్లు రాసింది. గొర్లె సంతోషి, ప్రిన్సిపాల్ అని సంతకం చేసింది. గుండ్రటి సీలు ఇంకు ప్యాడ్ మీద అద్ది, సంతకం మీద సగం పడేలా గుద్దింది. లేవకుండానే కాగితం నా వైపు జరిపింది.

నేను చదివాను. గొర్లె సంతోషి, మొదటి సంవత్సరం, బైపీసీ, పై విద్యార్థిని ఒరిజినల్ సర్టిఫికెట్లు వెంటనే తిరిగి ఇవ్వవలసిందిగా సర్టిఫికెట్ల ఇన్‌చార్జిని ఆదేశించడమైనది. తప్పేమీ కనిపించలేదు. ఒక్క లోపం ఉంది. బయటికెళ్ళే కాగితాలకి వేసే అవుట్‌వర్డ్ నంబరు వెయ్యలేదు. చెప్పాను. ఆమె రిజిస్టరు లాక్కుని పదకొండువందల నలభై ఏడు అని వేసింది.

నిమిషంలోపే బీరువా తెరిచాను. కవరు తీసిచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకున్నాను. పదకొండేళ్ళలో అంత శుభ్రమైన ఉత్తర్వు నా చేతికి రాలేదు. భీమేశ్వరరావు గారు ఎప్పుడూ సూచిక రాయరు.

ఇదంతా ఆడిటోరియంలో తెర మీద చూశారు. కుర్చీలో మనిషి ఉన్నాడనీ, సీలు పనిచేస్తోందనీ అందరికీ తెలిసింది. మొదట వచ్చింది ఫిజిక్స్ లెక్చరర్. నెల్లాళ్ళుగా జేబులో పెట్టుకు తిరుగుతున్న సెలవు చీటీ తీసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతని వెనక టాయిలెట్‌కి వెళ్ళాలన్న అమ్మాయి. ఆ అమ్మాయి వెనక మంచినీళ్ళకి వెళ్ళాలన్న వాళ్ళు, ఇంటికి ఫోన్ చేసుకోవాలన్న వాళ్ళు, చెల్లెలి పుట్టినరోజుకి రెండు రోజులు పంపమన్న వాళ్ళు. చూస్తుండగానే ఆఫీసు గుమ్మం నుంచి ఆడిటోరియం దాకా వరస కట్టారు. హాల్‌టికెట్ నంబర్ల క్రమంలో, ఎవరూ చెప్పకుండానే. తోపులాట లేదు. ఒక్క మాట లేదు.

భీమేశ్వరరావు గారు ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి గబగబా వచ్చారు. పీడీ గారు గుమ్మం దగ్గర చెయ్యి అడ్డం పెట్టారు. ఆయనకి అది ముప్ఫై ఏళ్ళ అలవాటు.

"సార్, అందరూ లైన్లో వస్తున్నారు."

భీమేశ్వరరావు గారు వరస పొడవు చూశారు. టేబుల్ మీద సీలు చూశారు. ఆయన మెల్లిగా నడుచుకుంటూ వెళ్ళి ఆడిటోరియం దగ్గర వరస చివర నిలబడటం నా కళ్ళతో చూశాను.

సంతోషి కవరు విప్పి, మెమో, టీసీ రెండూ ఉన్నాయో లేవో చూసుకుని, చున్నీ కొంగున చుట్టి చంకలో పెట్టుకుంది. అప్పుడు తలెత్తి వరస చూసింది. ఫిజిక్స్ లెక్చరర్ గౌరవంగా పక్కకి తప్పుకుని, నీళ్ళకి వచ్చిన ఒక ఆడపిల్లని ముందుకి పంపాడు.

"అక్కా, నీళ్ళు తాగి రావొచ్చా?"

"నన్నడుగుతావేటే? అదిగో నీళ్ళు. ఎల్లి తాగు."

ఫిల్టరు ఆ పిల్లకి నాలుగడుగుల దూరంలో ఉంది. ఆ పిల్ల ఫిల్టరు వైపు చూసి, మళ్ళీ కుర్చీ వైపు చూసింది. "మరి సంతకం?" అంది.

సంతోషి వరస చివరి దాకా చూసింది. చివర్లో తన ప్రిన్సిపాల్ గారు నిలబడి ఉండటం కూడా ఆమె చూసే ఉంటుంది. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

"సంతకాలెట్టుకుంటా ఇక్కడ కూకుంటే నా సీటు ఎల్లిపోద్ది" అంది. ఎవరితో అందో తెలియదు. నా పక్కనుంచే నడుచుకుంటూ వెళ్ళింది. గేటు దగ్గర వాచ్‌మన్‌కి సీలు ఉన్న కాగితం చూపించింది. అతను సెల్యూట్ కొట్టి గేటు తీశాడు. హైవే మీద విశాఖ వైపు వెళ్ళే ఎర్రబస్సు ఆగడం, మళ్ళీ కదలడం వినిపించింది. అప్పుడు టైము పదకొండూ ముప్ఫై ఎనిమిది.

వరస కదల్లేదు. ఇంకా ఇరవై రెండు నిమిషాలు అరాజకం మిగిలి ఉంది. తెరిచిన గేటు వరసకి ఎదురుగానే కనిపిస్తోంది. తెరిచిన బీరువాలో ఐదువందల తొంభై తొమ్మిది కవర్లు కనిపిస్తున్నాయి. దమయంతి గారు ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, ఎందుకు నిలబడ్డారని అడిగారు. ప్రిన్సిపాల్ మేడమ్ బయటికి వెళ్ళారండీ, వస్తారు అని జవాబు. ఆవిడ అందరి జవాబులూ రాసుకున్నారు. చివరికి భీమేశ్వరరావు గార్ని కూడా అడిగారు. కుర్చీ విషయం మాట్లాడాలండీ అని ఆయన చెప్పారు.

పన్నెండుకి గంట కొట్టారు. భీమేశ్వరరావు గారు వరస పక్కగా నడిచి వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. సీలు తీసి సొరుగులో వేసి తాళం పెట్టారు. వరస ఆయన ముందు అలాగే, అదే క్రమంలో ఉంది. అందర్నీ క్లాసులకి పొమ్మన్నారు. పోయారు.

మండలి నివేదిక వారంలో వచ్చింది. అరాజకం సంతృప్తికరం. అరాజక సమయంలో విద్యార్థులు చూపిన క్రమశిక్షణ రాష్ట్రానికే ఆదర్శం. వచ్చే ఏటి మాన్యువల్‌లో వరస ఫోటో వేయబోతున్నారు. కాలేజీకి మరో పదేళ్ళు గుర్తింపు. ఐదువందల తొంభై తొమ్మిది మందికీ పదిహేనుకి పదిహేను. గొర్లె సంతోషి ప్రయోగం మధ్యలో ఆవరణ విడిచి వెళ్ళినందువల్ల గైర్హాజరు, సున్నా. ఇరవై ఒకటో తేదీ మధ్యాహ్నం రెండింటికే పాలిటెక్నిక్‌లో చేరిపోయిందని వాళ్ళ నాన్న పలాస నుంచి ఫోన్ చేసి చెప్పాడు. మాకు ఫోన్ ఎందుకు చేశాడో నాకు అర్థం కాలేదు. సున్నా సంగతి ఆయనకి చెప్పాను. ఆయన నవ్వాడు.

రికార్డు పూర్తి చెయ్యాలి కాబట్టి ఇంకొక్క విషయం రాస్తున్నాను. ఆ రోజు ఆమె బస్సెక్కి వెళ్ళిన కాసేపటికి నేను బీరువాకి తాళం వేసి, ఒక తెల్లకాగితం తీసుకుని, ఆ వరసలోనే వెళ్ళి నిలబడ్డాను. ముందు నలభై ఇద్దరు ఉన్నారు. కాగితం మీద తేదీ వేశాను. ప్రిన్సిపాల్ గారికి అని రాశాను. విషయం అని రాసి, పక్కన రెండు చుక్కలు పెట్టాను. పన్నెండు గంటలు కొట్టేదాకా ఆ చుక్కల తర్వాత ఏం రాయాలో నాకు తట్టలేదు.